ఊరికి ఒక ముఖము

మనలో పరిచయము ఊరితో మొదలవుతుంది. క్రొత్తవారు ఎదురైనప్పుడు పేరు అడుగుటకు ముందే "ఏ ఊరు మీది?" అని అడుగుతాము. ఎవరినైనా తీసివేసి మాట్లాడవలెనంటే "ఊరూ పేరూ లేనివాడు" అంటాము. ఆ మాటలోనూ ఊరే ముందు, పేరు తరువాత. ఊరికి పేరున్న సంగతి అందరికీ తెలిసినదే. ఊరికి ముఖముకూడ ఉంటుందా, ఉంటే దానిని ఎవరు దిద్దుతారు, అది ఎవరెవరిని తనవారిగా గుర్తుపడుతుంది అనే ప్రశ్నలు నేటి మా ప్రసంగానికి విషయము.

ఒక ఊరిని ఎదుట ఉంచుకొని ఈ ప్రశ్నలను ఆలోచింతము. హైదరాబాదునుండి నర్సాపూరు మీదుగా మెదకుకు పోయే దారిలో గుమ్మడిదల ఉన్నది. 2016 అక్టోబరులో సంగారెడ్డి జిల్లా ఏర్పడినప్పుడు అది మండల కేంద్రమైనది. 2025లో పురపాలక సంఘమైనది. దాని చుట్టూ బొంతపల్లి, గడ్డపోతారము, ఖాజీపల్లి, జిన్నారము, బొల్లారము మొదలైన ఊళ్ళున్నవి. అక్కడ ఒక ప్రక్క చేలు, చెరువులు. మరియొక ప్రక్క మందుల కర్మాగారాలు, వాటి గోడలు, గేట్లు, షిఫ్టు బస్సులు.

గ్రామము పట్టణమైనప్పుడు కార్యాలయము ముందు బోర్డు మారుతుంది. వార్డులకు అంకెలు వస్తవి. ఇంటిపన్ను రసీదుమీద ముద్ర మారుతుంది. ఇవన్నీ ఒక ఉత్తరువుతో జరిగే పనులు. మేమంతా ఈ ఊరివారమనే భావము మాత్రము ఉత్తరువుతో రాదు. అది ఎట్లా వస్తుంది, ఎట్లా నిలుస్తుంది అనే విషయములో జపాను దేశపు అనుభవము ఒకటి మనకు ఉపయోగపడుతుంది. ముందు దానిని చూచి, తరువాత మన ఊరికి తిరిగివత్తము.

జపానులో 1999 నాటికి 3,200కు పైబడి పట్టణ, గ్రామ సంస్థలుండేవి. చిన్న ఊళ్ళను కలిపి పెద్ద సంస్థలుగా చేయగా 2010 నాటికి అవి 1,700 చిల్లరకు తగ్గినవి. యువకులు పెద్ద నగరాలకు తరలిపోయినారు. ఎన్నో తరములు చెప్పుకొన్న ఊరిపేర్లు పటములమీద చెరిగిపోయినవి. సరిగా ఈ కాలములోనే ఊరూరా ఒక బొమ్మ తలయెత్తినది. లోపల మనిషి దూరి నడిపించే నిలువెత్తు బొమ్మ అది. పెద్ద తల, పొట్టి కాళ్ళు, తప్పటడుగుల నడక. వీటికి 'యురు-క్యారా' అని పేరు పెట్టినవాడు మియురా జున్ అను చిత్రకారుడు, రచయిత. 'యురుయి' అంటే సడలినది, వదులైనది అని అర్థము. నగిషీ లేని, కొంత అమాయకపు పాత్ర అని దాని భావము.

హికోనె అను పట్టణములో ఒక పాత కోట ఉన్నది. దాని నాలుగువందల ఏండ్ల ఉత్సవము 2007లో జరిగినది. ఆ సందర్భానికి ఎర్రని శిరస్త్రాణము ధరించిన తెల్లపిల్లిని చిహ్నముగా నిలిపినారు, పేరు హికోన్యాన్. ఆ పిల్లి ఉత్తపుణ్యానికి పుట్టలేదు. ఆ కోటను ఏలిన ఈ వంశపు ప్రభువు నవొతక ఒక ఆలయము వాకిట తెల్లపిల్లి పిలిచినట్లు కాలు ఆడించగా లోపలికి వెళ్ళి, పిడుగుపాటునుండి బ్రతికినాడని ఒక గాథ ఉన్నది. ఎర్ర శిరస్త్రాణము ఆ వంశపు సైనికుల గుర్తు. అనగా బొమ్మ క్రొత్తది, కథ పాతది.

కుమమోతోలోని నల్ల ఎలుగు కుమమోన్ కథ వేరు. 2011 మార్చిలో వేగపు రైలు క్యూషూ ద్వీపమంతటా సాగనున్నదని, ప్రయాణికులు తమ ప్రాంతములో దిగవలెనని 2010లో దానిని రంగమునకు తెచ్చినారు. విచిత్రమేమంటే క్యూషూ అడవులలో ఎలుగులు లేవు. 2012లో జపాను ప్రభుత్వమే అక్కడ అవి అంతరించినట్లు ప్రకటించినది. అయినను ఆ ఎలుగు ఊరిదైపోయినది. ఎట్లా? మొదటి కారణము, ఆ ప్రాంతపు సరకులు అమ్ముకొనేవారు అనుమతి తీసికొని రుసుము లేకుండ దాని బొమ్మను వాడుకోవచ్చునని ప్రభుత్వము వదలిపెట్టినది. రెండవ కారణము ఇంకను పెద్దది. 2016 ఏప్రిలులో కుమమోతోను భూకంపము కుదిపివేసినప్పుడు, బొమ్మను కొన్నాళ్ళు బయటికి తీయలేదు. మే 5వ తేదీన, వారి బాలల పండుగనాడు, అది బాధితుల ఊళ్ళకు వెళ్ళి పిల్లలను పలుకరించినది. ప్రయాణికులను పిలుచుటకు పుట్టిన బొమ్మ ఆనాడు ఇంటి మనిషి అయినది.

ప్రభుత్వము చేసిన ప్రతి బొమ్మా ఇట్లా అతికిందని కాదు. నారా నగరపు పదమూడువందల ఏండ్ల ఉత్సవాలకై బాలుని తలకు దుప్పికొమ్ములు పెట్టి 2008లో ఒక బొమ్మను చూపగా, అది బుద్ధునికి అపచారమని, వికారముగా ఉన్నదని జనులు అభ్యంతరము తెలిపి, పోటీగా వేరొక బొమ్మను నిలిపినారు. ఫునబాషి నగరములో, పుర కార్యాలయము ఆమోదము లేకయే ఒక పౌరుడు తనంత తాను సృష్టించిన పియరుపండు బొమ్మ దేశమంతటా ప్రసిద్ధికెక్కినది. ముద్ర వేసినంతమాత్రాన ముఖము కాదు. ముద్ర లేనంతమాత్రాన ముఖము కాకపోదు.

ఇదంతా మనకు పిల్లల ఆటగా కనబడవచ్చును. కాని ఒక్క క్షణము ఆగి చూతము. వేషము ధరించి, ఊరి ముందు నడిచి, పిల్లలకు భయమూ సంతోషమూ కలిగించి, ఊరంతా తన వెంట నడిచేటట్లు చేసే పాత్ర మనకు లేడా? పోతురాజు ఎవరు?

ఆషాఢమాసపు బోనాలను చూచినవారికి పోతురాజును వర్ణించి చెప్పనక్కరలేదు. ఒడలంతా పసుపు, నుదుట పెద్ద కుంకుమబొట్టు, ఎర్రని ధోవతి, నడుముకు వేపమండలు, కాళ్ళకు గజ్జెలు, చేత పేనిన కొరడా. డప్పు మ్రోగగానే అతడు అడుగు వేస్తాడు. వెనుక బోనమెత్తిన ఆడవారు, వారి వెనుక ఫలహారపు బండి. అతడు గ్రామదేవతలైన ఏడుగురు అక్కచెల్లెండ్రకు తమ్ముడని ప్రసిద్ధి. ఎల్లమ్మ, పోచమ్మ, మైసమ్మ, ముత్యాలమ్మ వీరందరికీ ఒక్కడే తమ్ముడు. కనుక ఊరిలో ప్రతి ఇంటి ఆడబిడ్డకూ అతడు తమ్ముని వరుసయే. కొరడా దెబ్బ తగిలితే మేలు కలుగుతుందని ఎదురువచ్చి చేయి చాచేవారిని ఈనాటికీ చూస్తాము. 1813 ప్రాంతాన జంటనగరాలలో కలరా చెలరేగినప్పుడు సికింద్రాబాదు మహాంకాళి బోనాలకు పునాది పడినదని చెప్పుకొంటారు. 2014లో బోనాలు తెలంగాణ రాష్ట్ర పండుగ అయినవి. వ్యాధి భయములో పుట్టిన వేడుక కనుకనే పోతురాజు ముఖము ముద్దుగా ఉండదు, ఉగ్రముగా ఉంటుంది. జపాను బొమ్మను ఊరివారు అతిథులను పిలువమన్నారు. పోతురాజును కీడును తరుమమన్నారు.

వేషము కట్టని మరియొక ముఖము బొడ్రాయి. దీనినే బొడ్డురాయి అని గ్రంథస్థముగా అంటారు. ఊరు కట్టిననాడు నడిబొడ్డున నాటిన రాయి అది. ఊరనే దేహానికి నాభి. తెలంగాణములో ఇటీవలి ఏండ్లలో ఎన్నో గ్రామాలు బొడ్రాయిని తిరిగి ప్రతిష్ఠించుకొన్నవి. ఆ పండుగ పద్ధతి గమనింపదగినది. ఇంటింటికీ చందా కడతారు. మెట్టినిండ్లకు పోయిన ఆడబిడ్డలందరినీ పేరుపేరున పిలిపిస్తారు, ఒడిబియ్యము పోస్తారు. బ్రతుకుతెరువుకు దూరదేశాలకు వెళ్ళినవారు సెలవు పెట్టి వస్తారు. ఊరి పొలిమేర చుట్టూ పొలి చల్లి కట్టడి చేస్తారు. ఆ వేళ లోపలివారు బయటికి పోరాదు, బయటివారు లోపలికి రారాదు. ఏడాదులు గడచిన తరువాత ఊరు తన్నుతాను లెక్కపెట్టుకొనే దినము అది. ఎవరు మావారు, మా హద్దు ఎంతవరకు అని ఊరు తేల్చుకొంటుంది.

ఈ పండుగలలో ఊరిలోని ప్రతి వృత్తికీ ఒక పని ఉన్నది. కుండ కుమ్మరిది, డప్పు మాదిగలది, పూజాకథనము బైండ్లవారిది, దివిటీ చాకలిది. ఈ పంపకములో అందమున్నది, బాధయును ఉన్నది. కొందరు గౌరవముగా నిలిచిన చోట మరికొందరు వెట్టిగా నిలిచినారు. డప్పు లేనిదే దేవత కదలదు. ఆ డప్పు కొట్టినవానిని గుడి గడప దాటనీయని కాలము మన పెద్దలు ఎరిగినదే. పాతదానిని తలచుకొనేటప్పుడు ఈ సంగతిని దాచరాదు. అయినను ఆచారములు రాతిలో చెక్కినవి కావు. జంతుబలికి మారుగా గుమ్మడికాయను కొట్టు పద్ధతి అనేక ఆలయాలలో వచ్చినది. దేవత అలిగినదని ఎవరును అనలేదు.

ఇక పరిశ్రమలు వచ్చినమీదట ఈ ప్రాంతములో ఊరి ముఖానికి ఏమైనదో చూతము. 1970 తరువాత పటాన్‌చెరువు చుట్టుప్రక్కల కర్మాగారాలు వరుసగా వెలసినవి. పని వచ్చినది, జీతము వచ్చినది, భూములకు ధర వచ్చినది. వాటితోబాటు రంగు మారిన నీరూ వచ్చినది. నక్కవాగు మంజీరలో కలిసే వాగు. దాని ఒడ్డు రైతులు చెడిన పైరులు, చెడిన బావులు చూచినారు. 1990లో ఈ విషయము సుప్రీంకోర్టుకు ఎక్కినది. ఒక తరము కాలము 'పటాన్‌చెరువు' అను మాట పత్రికలలో ఊరిపేరుగాకంటె కాలుష్యానికి పర్యాయపదముగా ఎక్కువ వాడుకలో ఉండెను. బొంతపల్లి వీరభద్రస్వామి ఆలయానికి తరతరాలుగా భక్తులు వస్తున్నారు. అదే బొంతపల్లి పేరు ఈనాడు మందుల పెట్టెలమీద తయారీ చిరునామాగా దేశాలు తిరుగుతున్నది. ఒకే పేరుకు రెండు ముఖములు: ఒకటి గుడి గోపురము, మరియొకటి కర్మాగారపు గొట్టము.

ఈ కష్టము మన ఒక్కరిది కాదు. జపానులోని యొక్కైచి పట్టణములో 1950 దశాబ్దము చివర పెట్రోలియం రసాయన పరిశ్రమలు వచ్చినవి. పొగకు జనులు ఉబ్బసపువ్యాధి బారినపడినారు. ఆ వ్యాధికి 'యొక్కైచి ఉబ్బసము' అని ఊరిపేరే అంటుకొన్నది. 1967లో తొమ్మండుగురు బాధితులు ఆరు కంపెనీలమీద దావా వేసి, 1972 జూలైలో గెలిచినారు. ఆ ఊరిలో పొగగొట్టములకంటె పాతదైన ఉత్సవపు బొమ్మ ఒకటి ఉన్నది. దాని పేరు ఓన్యూదో; బండిమీద నిలిచి మెడ సాగదీసి నాలుక చాచే మహాకాయుడు. ఊరిని పీడించే మాయజంతువును బెదరించుటకు జనులు ఆ పెద్ద బొమ్మను చేసినారని కథ. మన పోతురాజు వంటివాడే అనవచ్చును. పురపాలకులు తరువాతి కాలములో ఆ మహాకాయునికి ఒక చిన్న కొడుకును కల్పించి, 'కొన్యూదో-కున్' అని పేరు పెట్టి పట్టణపు చిహ్నముగా చేసికొన్నారు. జబ్బుతో కలిసిపోయిన పేరును ఒక పాత కథ చేయి పట్టించి బయటికి తెచ్చుకొనుట ఆ ప్రయత్నము.

అందులో మనము నేర్వదగిన పాఠములు రెండు. 2018లో దేశవ్యాప్తముగా జరిగిన బొమ్మల పోటీలో తమ కొన్యూదోను గెలిపింపవలెనని ఆ ఊరి పుర కార్యాలయమువారే ఉద్యోగులచేత పెద్దయెత్తున ఓట్లు వేయించినారు. సంగతి బయటపడి నగుబాటు అయినది. ఊరిమీది ప్రేమను కార్యాలయపు ఆదేశముతో పుట్టింపలేరన్నది మొదటి పాఠము. రెండవది: ఆ పట్టణము కాలుష్యపు కథను దాచి బొమ్మను ముందుకు తోయలేదు. 2015లో ఆ వ్యాధి చరిత్రను, పర్యావరణమును గూర్చిన ప్రదర్శనశాలను తెరచి, పిల్లలకు చూపుతున్నది. గాయమును కప్పుటకు పెట్టుకొన్న ముసుగు ఎప్పటికైనా జారుతుంది. గాయమును ఒప్పుకొన్న తరువాత పెట్టుకొన్న చిహ్నము నిలుస్తుంది.

ఇప్పుడు గుమ్మడిదలకు తిరిగివత్తము. ఈ పేరు జపానువారి చెవిని పడితే, తెల్లవారేసరికి గుమ్మడికాయకు కళ్ళూ కాళ్ళూ పెట్టి నడిపించేవారే! మనకు ఆ శ్రమయును అక్కరలేదు. ఇల్లు కట్టినవారు వాకిట బూడిదగుమ్మడికాయను వ్రేలాడదీసి, దానికి గుడ్లురిమే కళ్ళు, కోరమీసము దిద్దుట మనకు అలవాటే. దిష్టికై కట్టిన ఆ ముఖము ప్రతి ఇంటికీ చిన్న పోతురాజు. కాని బొమ్మ దొరికినంత తేలికగా ఊరు కలిసిరాదు. 2003లో హైదరాబాదులో ఆఫ్రో-ఆసియా క్రీడలు జరిగినప్పుడు 'షేరూ' అను సింహమును చిహ్నముగా నిలిపినారు. క్రీడలు ముగిసినవి, షేరూను తలచుకొనేవారు ఈనాడు అరుదు. అదే 2014 నవంబరులో తెలంగాణ ప్రభుత్వము పాలపిట్టను, జమ్మిచెట్టును, తంగేడుపూవును రాష్ట్ర చిహ్నములుగా ప్రకటించినప్పుడు ఎవరికీ పరిచయము చేయవలసిన పని కలుగలేదు. దసరానాడు పాలపిట్టను చూచి, జమ్మి ఆకును పంచుకొని, తంగేడుతో బతుకమ్మను పేర్చిన జనులు వాటిని ఎప్పుడో ఎన్నుకొని ఉన్నారు. ప్రభుత్వము చేసినది ఆ ఎన్నికను వ్రాసికొనుట మాత్రమే.

కనుక ఈ క్రొత్త పట్టణానికి ఏ బొమ్మ కావలె అనే ప్రశ్నకు ముందు, ఈ పట్టణమువారు ఎవరు అనే ప్రశ్న ఉన్నది. అసలు చిక్కు అక్కడనే. ఒడిశానుండి, బీహారునుండి, ఉత్తరప్రదేశమునుండి, మన ఇతర జిల్లాలనుండి వచ్చినవారు ఈ కర్మాగారాలలో పనిచేస్తున్నారు. ఇరుకు గదులలో అద్దెకుంటారు. కొందరు ఏడాదికి వెళ్ళిపోతారు. కొందరి పిల్లలు ఇక్కడనే పుట్టి, ఇక్కడి బడిలో తెలుగు వ్రాయ నేర్చినారు. బొడ్రాయి పండుగకు చందా పుస్తకము పట్టుకొని ఊరివారు బయలుదేరినప్పుడు ఆ గది తలుపు తట్టుతారా? పొలిమేర కట్టడి చేసేటప్పుడు పొలి చల్లే గీత కార్మికుల కాలనీకి ఇవతల పడుతుందా, అవతల పడుతుందా? మెట్టినింటినుండి ఆడబిడ్డ వస్తే ఒడిబియ్యము పోసే ఊరు, ఇరవై ఏండ్లుగా తన నీరు త్రాగి తన పొగ పీల్చినవానిని ఏమని పిలుస్తుంది?

పొగకు స్థానికుడు, పరదేశి అనే భేదము లేదు. చెరువు చెడితే ఇద్దరి కడవలూ ఖాళీయే. 2025 ఫిబ్రవరిలో ప్యారానగరము దగ్గర హైదరాబాదు నగరపు చెత్తను పోయుటకు తలపెట్టగా, నల్లవల్లి, గుమ్మడిదల ప్రాంతపు జనులు రోడ్డెక్కి అభ్యంతరము తెలిపినారు. ఆ వివాదములోని న్యాయాన్యాయములు తేల్చుట మా పని కాదు. మేము గమనించినది ఒక్కటే: తమ నేలకు, నీటికి కీడు వస్తున్నదని తోచినప్పుడు వేరువేరు ఊళ్ళవారు ఒక్క ఊరివారైనారు. పూర్వము కలరా వచ్చినప్పుడు బోనమెత్తించిన భావము ఇదియే. కీడును తరుముట పోతురాజు పని అయితే, నేటి కీడు మురికినీటి రూపములో వచ్చినదని అతనికి చెప్పవలసినవారము మనమే.

పుర కార్యాలయములవారికి, ఊరిపెద్దలకు మేము మనవి చేయదలచినది చాల చిన్నది. బొమ్మల పోటీలు పెట్టకపోయినను ఫరవాలేదు. వచ్చే పండుగకు చందా పుస్తకములో ఇంటిపేరును, వంశమును చూడక, పొయ్యి వెలిగే ప్రతి ఇంటినీ వ్రాయండి. అద్దె గదినికూడ వ్రాయండి. రూపాయి ఇచ్చినవాడు ఇచ్చినందుకు కాక, లెక్కకు వచ్చినందుకు సంతోషిస్తాడు. వాని భార్య తన దేశపు తీరున వండిన అన్నమును కుండలో పెట్టి ఎత్తుకొనివస్తే, వరుసలో ఆమెకు చోటు చూపండి. వాని పిల్లవాడు ఫలహారపు బండి త్రాడును ఒక చేత పట్టుకొనుటకు ఎవరి అనుమతియు అక్కరలేకుండ చూడండి. డప్పు కొట్టే చేతికి కూలీతోబాటు గుడి లోపలి గౌరవమునూ ఇవ్వండి. బడులలో ఉపాధ్యాయులు పిల్లలచేత తమ ఊరి బొడ్రాయి ఎక్కడున్నదో, వాగు ఎక్కడ పుట్టి ఎక్కడ కలుస్తుందో, అది ఎందుకు చెడినదో వ్రాయించవలెను. ఊరి ముఖములో మచ్చ ఉన్నదని తెలిసిన పిల్లవాడే పెద్దవాడై దానిని కడుగుతాడు.

ఇట్లా కొన్ని పండుగలు గడచిన తరువాత, గుమ్మడిదలకు చిహ్నము ఎవరైనా గీయవలెనని కోరితే, గీయుట కష్టము కాదు. పసుపు పూసికొన్న పోతురాజే కావచ్చును. మీసముగల గుమ్మడికాయయే కావచ్చును. కర్మాగారపు షిఫ్టు ముగించుకొని వచ్చే ఒడియా కార్మికుని కొడుకును ఎవరైనా "ఏ ఊరు నీది?" అని అడిగినప్పుడు, వాడు తడుముకొనక "గుమ్మడిదల" అని చెప్పవలెను, ప్రక్కన నిలిచిన ఊరిపెద్ద అది విని, అవునని తల ఊపవలెను. ఆ బొమ్మ అతుకుటకు అంతకు మించిన ముహూర్తము వేరొకటి అక్కరలేదు.